ఇంటర్నెట్ పరిశోధన కేంద్రంలో వేసవి కోడింగ్ ప్రాజెక్టు: డిసెంబరు నుంచి ఆగస్టు దాకా ఏం చేయాలి

"అక్కా, ప్రపోజల్ ఎలా రాయాలో కొంచెం చెప్పవా?" అంటూ గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ గురించి ఏటా మార్చి మూడో వారంలో నాకు మెసేజ్‌లు వస్తాయి. అప్పటికి గడువు రెండు మూడు వారాలే ఉంటుంది. అడిగేవాళ్లలో చాలామందికి కోడింగ్ బాగానే వచ్చు. కానీ దరఖాస్తు పెట్టబోయే సాఫ్ట్‌వేర్‌ని ఒక్కసారైనా తమ ల్యాప్‌టాప్‌లో నడిపి చూసినవాళ్లు తక్కువ. సెలక్షన్ చాలావరకు తేలిపోయేది అక్కడే. ప్రపోజల్ ఆ పని అయ్యాక రాసే కాగితం.

ఈ గైడ్‌లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అంటే మనవాళ్లు జీసాక్ అని పిలిచే ప్రోగ్రాం దారిలో వెళ్తున్నాను. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి మార్చుకోగలిగే కోడ్ రాసే సంస్థలకు, అక్కడి అనుభవజ్ఞుల (వీళ్లే మెంటర్లు) సాయంతో వేసవిలో పనిచేస్తే గూగుల్ స్టైపెండ్ ఇచ్చే ప్రోగ్రాం ఇది. ఉదాహరణగా హార్వర్డ్‌లోని బెర్క్‌మన్ క్లైన్ సెంటర్‌ని పెట్టుకున్నాను. ఇంటర్నెట్ మీద పరిశోధన చేసే ఈ కేంద్రం జీసాక్‌లో చాలాసార్లు పాల్గొంది. అయితే ప్రతి ఏడాదీ లిస్టులో ఉండదు, కాబట్టి ఆ ఏటి లిస్టు చూసుకునే ముందుకెళ్లండి. ఇంటర్నెట్ సెన్సార్‌షిప్‌ని కొలిచే ఊనీ, ఎవరో తెలియకుండా నెట్ వాడుకోనిచ్చే టోర్ లాంటి ప్రాజెక్టులకూ ఇక్కడ చెప్పినవన్నీ పనికొస్తాయి.

## 1. మీకు కుదురుతుందా, ముందు ఇది తేల్చుకోండి

వయసు 18 నిండాలి. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లు ఎవరైనా పెట్టుకోవచ్చు. ప్రాజెక్టులు మూడు సైజుల్లో ఉంటాయి: 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు.

గంటల్ని వారాల్లోకి మార్చి చూస్తేనే అసలు బరువు తెలుస్తుంది. 350 గంటలు 12 వారాల్లో అంటే వారానికి 29 గంటలు. 175 అంటే 15 గంటలు. 90 గంటల ప్రాజెక్టుకి మామూలు వ్యవధి 8 వారాలు, వారానికి 11 గంటల పైచిలుకు. మెంటర్ ఒప్పుకుంటే వ్యవధిని పెంచుకోవచ్చు.

మన యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఈవెన్ సెమిస్టర్ పరీక్షలు మే, జూలై మధ్య ఎక్కడో ఒకచోట పడతాయి. ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, సప్లీలు ఉంటే అవి వేరే. వాటిని దాచి 350 గంటలు ఒప్పుకోవద్దు. పరీక్షల వారాలు ముందే చెబితే మెంటర్లు సర్దుబాటు చేస్తారు. జూన్‌లో పది రోజులు చెప్పకుండా మాయమైతే మాత్రం మిడ్‌టర్మ్‌లో, అంటే ప్రాజెక్టు మధ్యలో మెంటర్ చేసే మదింపులో, ఫెయిల్ అవుతారు.

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుతున్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. అక్కడ ఉండి ఈ పని చేయాలంటే పని అనుమతి కావాలి, మామూలుగా సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికిచ్చే అనుమతి) తీసుకుంటారు. దానికి కాలేజీలో టైం పడుతుంది. ఫలితాలు వచ్చాక పరిగెత్తకుండా మార్చిలోనే మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగండి. సీనియర్లు చెప్పారని, గ్రూపుల్లో ఎవరో రాశారని ఈ ఒక్క విషయంలో నమ్మి కూర్చోవద్దు.

## 2. క్యాలెండర్

తేదీలు ఏటా కొద్దిగా మారతాయి, వరస మాత్రం ఇదే:

- డిసెంబరు, జనవరి: పాత ఏళ్ల లిస్టులు చూడటం, రెండు ప్రాజెక్టులు ఎంచుకోవడం, వాటిని నడపడం
- ఫిబ్రవరి: మొదటి చిన్న ప్యాచ్, అంటే ఆ ప్రాజెక్టుకి మీరు పంపే సవరణ. నెలాఖరుకి ఆ ఏటి సంస్థల లిస్టు వస్తుంది
- మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో: దరఖాస్తులు. 2024లో మార్చి 18 నుంచి ఏప్రిల్ 2 వరకు, 2025లో మార్చి 24 నుంచి ఏప్రిల్ 8 వరకు తీసుకున్నారు
- మే మొదట్లో: ఫలితాలు
- మే నెల: కమ్యూనిటీ బాండింగ్, అంటే కోడింగ్‌కి ముందు మెంటర్‌తో, మిగతావాళ్లతో పరిచయం పెంచుకునే సమయం
- మే చివర లేదా జూన్ మొదట్లో: కోడింగ్ మొదలు
- జూలై మధ్యలో మిడ్‌టర్మ్, ఆగస్టు చివర ఫైనల్

గడువులు 18:00 యూటీసీకి ముగుస్తాయి. మన టైంలో రాత్రి 11:30. "అర్ధరాత్రి దాకా టైం ఉందిలే" అనుకుని 11:40కి అప్‌లోడ్ నొక్కితే లాభం లేదు. ఒకరోజు ముందే ఒక పీడీఎఫ్ ఎక్కించి పెట్టుకోండి. గడువు దాటేవరకు దాన్ని మార్చుకోవచ్చు.

## 3. ప్రాజెక్టు ఎంపిక

జీసాక్ సైట్‌లో పాత ఏళ్ల ఆర్కైవ్ ఉంటుంది. సంస్థ పేరు నొక్కితే ఏ ఏడాది ఏ ప్రాజెక్టులు తీసుకున్నారో కనిపిస్తుంది. ఇక్కడ ఒక సాయంత్రం గడపండి.

పరిశోధన కేంద్రం కోడ్‌కి ఒక ప్రత్యేకత ఉంది. దాన్ని వాడేది లాయర్లు, లైబ్రేరియన్లు, జర్నలిస్టులు, పీహెచ్‌డీ విద్యార్థులు. బెర్క్‌మన్ క్లైన్‌లో పుట్టిన రెండు ప్రాజెక్టుల్ని చూడండి.

ల్యూమెన్: ఇంటర్నెట్‌లో ఫలానా పేజీ తీసేయండి అంటూ కంపెనీలకు వచ్చే నోటీసుల్ని భద్రపరిచే డేటాబేస్. 2002లో చిల్లింగ్ ఎఫెక్ట్స్ పేరుతో మొదలైంది, 2015లో పేరు మార్చుకుంది. గూగుల్ తనకొచ్చిన నోటీసుల కాపీలు ఇక్కడికి పంపుతుంది. కోడ్ రూబీ ఆన్ రెయిల్స్‌లో ఉంటుంది, వెనకాల పోస్ట్‌గ్రెస్, సెర్చ్‌కి ఎలాస్టిక్‌సెర్చ్.

ట్యాగ్‌టీమ్: రకరకాల ఫీడ్‌ల నుంచి వచ్చే వ్యాసాలను ఒకచోట చేర్చి, మనుషులు పెట్టిన ట్యాగ్‌లను సరిచేసి పంచే సాధనం. ఓపెన్ యాక్సెస్ (పరిశోధన వ్యాసాల్ని అందరికీ ఉచితంగా అందించడం) వార్తల్ని అనుసరించే హార్వర్డ్ ప్రాజెక్టు ఒకటి దీని మీద నడుస్తుంది. ఇదీ రెయిల్స్ కోడే.

ఎంచుకునే ముందు ఇవి చూడండి:

- గత మూడు నెలల్లో ఎవరైనా కమిట్ చేశారా?
- బయటివాళ్లు పెట్టిన పుల్ రిక్వెస్ట్‌కి (మా మార్పును కలుపుకోండి అనే అభ్యర్థన) సగటున ఎన్ని రోజుల్లో జవాబు వచ్చింది?
- రీడ్‌మీలో ఇన్‌స్టలేషన్ మెట్లు ఉన్నాయా?
- టెస్టులు ఉన్నాయా?
- ఆ భాషలో మీరు కనీసం ఒక చిన్న ప్రాజెక్టు చేశారా?

రెండో ప్రశ్నకి జవాబు "జవాబే రాలేదు" అయితే ప్రాజెక్టు ఎంత బాగున్నా వదిలేయండి. వేసవంతా మీకు మాట్లాడేవాళ్లే ఉండరు.

గరిష్ఠంగా మూడు ప్రపోజల్స్ పంపొచ్చు, ఒక్కటే తీసుకుంటారు. నా సలహా ఒకటి, మరీ అయితే రెండు. మూడు చోట్ల అరకొరగా తిరిగే సమయంలో ఒకచోట నాలుగు ప్యాచ్‌లు పంపొచ్చు.

## 4. కోడ్‌ని మీ మెషిన్‌లో నడపండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇక్కడ మాత్రం తొందరపడకండి, వారం పట్టినా పర్లేదు.

నా మొదటి ప్రయత్నంలో నేను ఈ మెట్టు చేయకుండానే వదిలేశాను. 14 పేజీల ప్రపోజల్, రంగురంగుల చార్టుతో పంపాను. మెంటర్ కాల్‌లో అడిగిన మొదటి ప్రశ్న: "సీడ్ డేటా (ప్రాజెక్టుతో వచ్చే నమూనా డేటా) ఎక్కించాక హోమ్ పేజీలో నీకేం కనిపించింది?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది రాలేదు. రాకపోవడం న్యాయమే అని ఇప్పుడు నాకూ అనిపిస్తుంది.

వరస ఇలా పెట్టుకోండి:

1. రిపాజిటరీని (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) ఫోర్క్ చేసి, అంటే మీ ఖాతాలోకి కాపీ తీసుకుని, మీ మెషిన్‌లోకి క్లోన్ చేయండి.
2. ప్రాజెక్టు ఏ వెర్షన్ రూబీ లేదా పైథాన్ అడుగుతోందో చూసి సరిగ్గా అదే వేయండి. కొత్తది బెటర్ కదా అని వేరేది వేయొద్దు.
3. డేటాబేస్, సెర్చ్ సర్వర్ విడిగా నడుస్తున్నాయో లేదో చూడండి.
4. ఆ తర్వాతే యాప్‌ని మొదలుపెట్టండి.
5. ఏమీ మార్చకుండా టెస్టులు మొత్తం ఒకసారి నడపండి. ఎన్ని పాసయ్యాయో, ఎన్ని ఫెయిలయ్యాయో రాసిపెట్టుకోండి.

అయిదో మెట్టు చాలామంది వదిలేస్తారు. తర్వాత ఏదైనా టెస్టు ఫెయిలైతే అది మీ మార్పు వల్లనా, ముందు నుంచీ అంతేనా అనేది చెప్పలేక అవస్థ పడతారు.

రెయిల్స్, ఎలాస్టిక్‌సెర్చ్ కలిసిన ప్రాజెక్టుల్లో తరచుగా తగిలే అడ్డంకులు:

రూబీ లైబ్రరీల్ని వేసే బండిల్ ఇన్‌స్టాల్ కమాండ్, పోస్ట్‌గ్రెస్‌కి కలిపే పీజీ జెమ్ (లైబ్రరీ) దగ్గర ఆగిపోవడం. ఉబుంటులో లిబ్‌పీక్యూ-డెవ్ ప్యాకేజీ లేకపోతే ఇలా అవుతుంది. అది వేసి మళ్లీ నడపండి.

ఎలాస్టిక్‌సెర్చ్ మొదలవగానే చచ్చిపోవడం. లాగ్ తెరిచి చదవండి. మ్యాక్స్ మ్యాప్ కౌంట్ 65530 ఉంది, 262144 కావాలి అని ఉంటే అది లినక్స్ కెర్నెల్ సెట్టింగ్. సిస్‌సీటీఎల్ అనే కమాండ్‌తో పెంచాలి. డాకర్‌లో నడుపుతున్నా కంటైనర్ బయట, అంటే హోస్ట్ మెషిన్‌లోనే మార్చాలి.

8 జీబీ ల్యాప్‌టాప్ వేడెక్కి బిగుసుకుపోవడం. ఎలాస్టిక్‌సెర్చ్ జావా మీద నడుస్తుంది. దాని హీప్ సైజును, అంటే అది వాడుకునే మెమరీని, 512 ఎంబీకి తగ్గించండి. డెవలప్‌మెంట్‌కి అది చాలు.

విండోస్‌లో ఏదీ కుదరకపోవడం. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వేసుకుని, కోడ్‌ని కూడా లినక్స్ ఫోల్డర్‌లోనే పెట్టండి. సీ డ్రైవ్‌లో పెట్టి లోపలి నుంచి తెరిస్తే టెస్టులు చాలా నెమ్మదిగా నడుస్తాయి.

ప్రతి ఎర్రర్‌నీ, దాన్ని ఎలా దాటారో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయండి. ఈ ఫైల్ విలువ తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

## 5. మొదటి ప్యాచ్

మొదటి ప్యాచ్ ఎక్కడ దొరుకుతుంది? మీరు ఇప్పుడే రాసిన ఆ ఫైల్‌లోనే. రీడ్‌మీలో లేని మెట్టు మీకు తగిలితే, దాన్ని రీడ్‌మీలో చేర్చి పుల్ రిక్వెస్ట్ పెట్టండి. కొత్తగా వచ్చినవాళ్లకే కనిపించే లోపం అది. పాతవాళ్ల మెషిన్లలో అన్నీ ఎప్పుడో సర్దుకుని ఉంటాయి.

కామాలు, స్పెల్లింగులు మార్చే ప్యాచ్‌లు పది పంపి సంఖ్య పెంచుకోవద్దు. మెంటర్లకు అది చూడగానే తెలిసిపోతుంది, చిరాకు కూడా వేస్తుంది.

రెండో ప్యాచ్ విషయంలో మనకు ఒక బలం ఉంది: తెలుగు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ప్రపంచ భాషలన్నిట్లోంచి టెక్స్ట్ వస్తుంది. టెస్టులేమో ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఈ మూడు పరీక్షలు చేసి చూడండి.

మాటలు విడగొట్టడం. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్‌లో స్లాష్ డబ్ల్యూ ప్లస్ అనే ప్యాటర్న్‌కి "తెలుగు" అనే మాట ఇవ్వండి. ఒక మాట రావాలి కదా. వచ్చేది మూడు ముక్కలు: త, ల, గ. ఎత్వమూ కొమ్ములూ ఎగిరిపోతాయి. కారణం ఏమిటంటే ఆ మాడ్యూల్ గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. వార్తల్లో మాటలు లెక్కపెట్టే మీడియా క్లౌడ్ లాంటి పనిలో ఇలా జరిగితే తెలుగు పత్రికల లెక్కలన్నీ తప్పుతాయి. రీజెక్స్ అనే వేరే లైబ్రరీలో అదే ప్యాటర్న్ మాటను మాటగా ఉంచుతుంది.

టైటిల్ కత్తిరించడం. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. యూటీఎఫ్-8లో 12 బైట్లు. "శ్రీకాకుళం" అనే టైటిల్‌ని కోడ్ రెండు క్యారెక్టర్లకు కత్తిరిస్తే తెర మీద "శ్" మిగులుతుంది. గ్రఫీమ్ క్లస్టర్లుగా, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే గుంపులుగా కత్తిరించడం సరైన దారి, కానీ ఇక్కడా ఒక చిక్కు ఉంది. తెలుగు ఒత్తుల్ని కలిపి ఒకే క్లస్టర్‌గా చూడాలనే నియమం యూనికోడ్ 15.1లో, అంటే 2023లో వచ్చింది. పాత వెర్షన్ మీద కట్టిన లైబ్రరీ "శ్రీ"ని శ్, రీ అని రెండు చేస్తుంది. మీ ప్రాజెక్టు ఏ వెర్షన్ మీద ఉందో చూసి ఆ సంగతి ఇష్యూలో (ప్రాజెక్టు పేజీలో లోపం గురించి పెట్టే పోస్టు) రాయండి.

సెర్చ్. "సాఫ్ట్‌వేర్" అని మామూలుగా టైప్ చేసేటప్పుడు ట పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ పడుతుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరు అది లేకుండా "సాఫ్ట్వేర్" అని రాస్తారు. రెండు రకాలుగానూ రికార్డులు పెట్టి ఒకదానితో వెతకండి. రెండోది దొరక్కపోతే మీకు మంచి ఇష్యూ దొరికినట్టే.

ఇష్యూ పెట్టేటప్పుడు ఏం చేశారో, ఏం రావాలో, ఏం వచ్చిందో మూడు ముక్కల్లో రాయండి. "ఎన్‌కోడింగ్ ప్రాబ్లం" అని మాత్రం రాయొద్దు. తెలుగు రాని మెంటర్‌కి త, ల, గ చూపిస్తేనే విషయం అర్థమవుతుంది. పక్కనే ఒక ఫెయిలయ్యే టెస్టు పెడితే ఇంకా మంచిది.

ప్యాచ్ పంపే ముందు:

- ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉందా?
- వేరే బ్రాంచ్‌లో చేశారా, మెయిన్‌లో కాకుండా?
- మొత్తం టెస్టులు మళ్లీ నడిపారా?
- మీ ఎడిటర్ ఫైల్ మొత్తం ఫార్మాట్ మార్చేసిందా? డిఫ్ తెరిచి చూడండి
- పాస్‌వర్డ్‌లు, టోకెన్లు కమిట్‌లోకి పోలేదు కదా?

## 6. మెంటర్‌తో మాటామంతీ

"రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు. ఇక్కడ అందరూ పేరుతోనే పిలుచుకుంటారు. మనకు మొదట్లో నోరు రాదు, పర్లేదు, రెండు మెసేజ్‌లకి అలవాటవుతుంది. మీకు జవాబిచ్చేది మేడమ్ అయి ఉండే అవకాశమూ ఉంది, చూడకుండా "సర్" అని రాస్తే బాగుండదు.

"హాయ్, నేను ఫలానా కాలేజీ, నాకు చాలా ఇంట్రెస్ట్, ఎలా స్టార్ట్ చేయాలి?" అనే మెసేజ్ మెంటర్‌కి ఫిబ్రవరిలో లెక్కలేనన్ని వస్తాయి. దాని బదులు ఇలా రాయండి:

"ఉబుంటు మీద ప్రాజెక్టు నడుస్తోంది. టెస్టుల్లో సెర్చ్‌వి రెండు ఫెయిలయ్యాయి, లాగ్ కింద పెట్టాను. హీప్ తగ్గించి చూశాను, మారలేదు. ఇండెక్స్ తయారుకాక ముందే టెస్టు మొదలవుతోందని నా అనుమానం. సరైన దారిలోనే వెళ్తున్నానా?"

ఇందులో ఏం చేశారో ఉంది, ఏం ఆలోచించారో ఉంది, జవాబు ఒక లైన్లో చెప్పగలిగిన ప్రశ్న ఉంది.

పర్సనల్ మెసేజ్ పెట్టొద్దు, అందరూ చూసే ఛానల్‌లోనే అడగండి. టైం కూడా గుర్తుంచుకోండి. హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఉదయం 10 అయితే వేసవిలో మనకు సాయంత్రం 7:30. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం గంట ముందుకు జరుగుతుంది, అప్పటిదాకా రాత్రి 8:30. జవాబు కోసం రెండు రోజులైనా ఆగి, అప్పుడు ఒక్కసారి గుర్తు చేయండి.

## 7. ప్రపోజల్

ఇప్పటికి మీ చేతిలో నడుస్తున్న కోడ్, రెండు మూడు ప్యాచ్‌లు, మెంటర్‌తో కొంత పరిచయం ఉంటాయి. ఇక రాయడం కష్టం కాదు. అయిదారు పేజీలు చాలు.

వరస:

1. సమస్య. వాడేవాళ్ల వైపు నుంచి రాయండి. "సెర్చ్ సరిగా లేదు" అంటే చాలదు. "తెలుగులోనో హిందీలోనో వచ్చిన నోటీసుల్ని వెతికే పరిశోధకుడికి సగం ఫలితాలు కనిపించవు, కారణం ఇదీ" అని రాయాలి.
2. ఇప్పుడు కోడ్ ఏం చేస్తోంది. ఫైళ్ల పేర్లతో సహా. మీరు కోడ్ చదివారనడానికి ఇదే రుజువు.
3. మీరు ఏం మారుస్తారు. ఒక దారి చెప్పి, వద్దనుకున్న ఇంకో దారిని, ఎందుకు వద్దనుకున్నారో కూడా రాయండి.
4. వారాల ప్లాన్.
5. మీ ప్యాచ్‌ల లింకులు, మీ గురించి నాలుగు లైన్లు, పరీక్షల తేదీలు.

వారాల ప్లాన్‌లోనే ఎక్కువ ప్రపోజల్స్ తేలిపోతాయి. "3 నుంచి 5 వారాలు: సెర్చ్ మెరుగుపరచడం" అని రాస్తే మెంటర్‌కి ఏమీ తెలియదు. ఇలా విడగొట్టండి:

- వారం 3: అయిదు భాషల్లో ఇరవై నమూనా రికార్డులు, వాటికి ఫెయిలయ్యే టెస్టులు. పుల్ రిక్వెస్ట్ 1
- వారం 4: జీరో విడ్త్ క్యారెక్టర్లు తీసేసే ఫిల్టర్. టెస్టుల్లో సగమైనా పాసవాలి. పుల్ రిక్వెస్ట్ 2
- వారం 5: పాత రికార్డుల్ని మళ్లీ ఇండెక్స్ చేసే స్క్రిప్ట్, మధ్యలో ఆగితే అక్కడి నుంచే మొదలయ్యేలా. పుల్ రిక్వెస్ట్ 3

ప్రతి వారం చివర చూపించడానికి ఒకటి ఉండాలి. నాలుగు వారాలకు ఒక వారం ఖాళీగా వదలండి, జ్వరం రావచ్చు, రివ్యూ ఆలస్యం కావచ్చు, ఇంట్లో పెళ్లి ఉండొచ్చు.

ప్రపోజల్‌ని ఏఐ టూల్‌తో రాయించొద్దు. ఇంగ్లిష్ సరిచూసుకోవడానికి వాడితే వాడండి, అదీ ఆ సంస్థ నియమాలు చదివాకే. మెంటర్లు ఒకే ధోరణిలో ఉన్న ప్రపోజల్స్ కుప్పలుగా చదువుతున్నారు. మీ వంకరటింకర ఇంగ్లిష్‌లో మీరు నిజంగా చూసిన ఎర్రర్ ఒకటి ఉంటే, అదే వాళ్లకి గుర్తుండిపోతుంది.

గడువుకు కనీసం పది రోజుల ముందు డ్రాఫ్ట్‌ని మెంటర్‌కి చూపించండి. చివరి రెండు రోజుల్లో ఎవరూ చదవలేరు.

## 8. డేటా విషయంలో జాగ్రత్తలు

మామూలు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకీ పరిశోధన కేంద్రానికీ తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. అందుకే దీన్ని కోడింగ్ కంటే ముందు పెట్టాను.

ల్యూమెన్‌లోని నోటీసుల్లో మనుషుల పేర్లు, ఫిర్యాదులు, అడ్రసులు ఉండొచ్చు. బయటికి చూపించే ముందు వ్యక్తిగత వివరాలు చెరిపేస్తారు. అలాంటి చోట మీరు రాసే సెర్చ్ ఫీచర్ చెరిపేసిన భాగాన్ని పొరపాటున ఇండెక్స్‌లోకి లాగితే, ఒక మనిషికి నిజమైన హాని జరుగుతుంది. చెరిపేసిన మాట కోసం వెతికితే ఏమీ దొరక్కూడదు అనే టెస్టు ఒకటి మీ అంతట మీరే రాయండి, ఎవరూ అడక్కపోయినా.

ఊనీ లాంటి కొలత సాధనాలది వేరే సంగతి. అవి సైట్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడటానికి మీ నెట్ కనెక్షన్ నుంచే వాటికి రిక్వెస్ట్‌లు పంపుతాయి, ఆ జాబితాలో బ్లాకైన సైట్లూ ఉండొచ్చు. హాస్టల్ వైఫైలో, కాలేజీ ల్యాబ్‌లో అడక్కుండా నడపకండి. వాళ్లు రాసిన రిస్కుల పేజీ మొత్తం చదివాకే మొదలుపెట్టండి.

- అసలు డేటా అడగొద్దు, సీడ్ డేటా లేదా మీరు తయారుచేసిన నమూనాలతో పని చేయండి
- అసలు రికార్డుల్ని ఇష్యూలో, స్క్రీన్‌షాట్‌లో, ఏఐ చాట్‌లో పెట్టొద్దు
- ఏపీఐ టోకెన్ ఇస్తే దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మాత్రమే ఉంచండి
- టోకెన్ బయటపడితే దాచకుండా వెంటనే చెప్పండి, వాళ్లు నిమిషాల్లో మార్చగలరు

## 9. సెలక్టయ్యాక

మే నెల బాండింగ్ సమయాన్ని సెలవులనుకోవద్దు. మెంటర్‌తో వారం మీటింగ్ టైం ఖాయం చేసుకోండి, వారం 1, వారం 2 పనుల్ని ఇష్యూలుగా రాసుకోండి. ఊరెళ్తే అక్కడ నెట్, కరెంటు పరిస్థితి చూసుకోండి. డాకర్ ఇమేజ్‌లు, జెమ్‌లు హాస్టల్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకుంటే మొబైల్ హాట్‌స్పాట్ మీద కూడా పని నడుస్తుంది.

కోడింగ్ వారాల్లో రోజూ ఏదో ఒకటి పుష్ చేయండి, సగం అయినా సరే. పర్ఫెక్ట్‌గా అయ్యాక చూపిద్దాం అని మూడు వారాలు దాచుకున్న వెయ్యి లైన్ల కోడ్‌ని ఎవరూ రివ్యూ చేయలేరు.

వారానికో రిపోర్టు, నాలుగు లైన్లు: ఏం అయింది, ఏం ఆగింది, ఎందుకు ఆగింది, వచ్చే వారం ఏంటి.

ఒక పని మీద నాలుగైదు గంటలు కూర్చున్నా కదలకపోతే అడగండి. మన పిల్లలు ఇక్కడ మొహమాటపడతారు. "ఇది కూడా రాదా అనుకుంటారేమో" అనే టెన్షన్‌తో వారం గడిపేస్తారు. మెంటర్ భయపడేది మీ ప్రశ్నలకి కాదు, మీ మౌనానికి.

రివ్యూలో ముప్పై కామెంట్లు వస్తే కంగారుపడకండి. ఒక్కోదానికీ జవాబు రాయండి: మార్చాను, లేదా మార్చలేదు, కారణం ఇదీ.

మిడ్‌టర్మ్, ఫైనల్ రెండింట్లో మీరు కూడా ఒక ఫారం నింపాలి. పని ఎంత బాగా చేసినా ఫారం గడువు దాటితే ఫెయిలే. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి.

## 10. చివరి సబ్మిషన్, డబ్బు

ఫైనల్‌లో మీ పని మొత్తానికి ఒక లింకు ఇవ్వాలి. ఆ పేజీలో ఏం చేశారు, ఏవి మెర్జయ్యాయి, ఏవి మిగిలాయి, మిగిలినవి ఎక్కడ మొదలుపెట్టాలి అనేవి ఉండాలి. ఆగస్టు రెండో వారంలోనే రాయడం మొదలుపెట్టండి. మిగిలిన పని గురించి నిజం రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్లు దాన్నే పట్టుకుంటారు.

స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. అతి తక్కువ స్థాయిలో 90 గంటలకు 750 డాలర్లు, 175కి 1500, 350కి 3000. భారత్‌లో ఉండేవాళ్లు ఇదే లెక్క వేసుకుని, ఆ ఏటి పట్టికతో సరిచూసుకోండి. మిడ్‌టర్మ్ పాసయ్యాక 45 శాతం, ఫైనల్ పాసయ్యాక 55 శాతం ఇస్తారు.

డబ్బు పేయోనీర్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ ద్వారా వస్తుంది. ఇక్కడ తెలుగువాళ్లకు తరచుగా వచ్చే చిక్కు పేరు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు ఖాతాలో ఒక్క ఇనిషియల్‌గా, టెన్త్ మెమోలో ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటుంది. పేర్లు కలవకపోతే ఖాతా వెరిఫికేషన్ ఆగిపోతుంది. ఈ పని మే నెలలోనే మొదలుపెట్టండి, బ్యాంకులో పేరు మార్పించడానికి రోజులు పడుతుంది. పన్ను సంగతి మీ ఊళ్లో తెలిసిన సీఏని ఒకసారి అడగండి.

## 11. రాకపోతే

ఒక్కో సంస్థకు ఎన్ని స్లాట్లో, అంటే ఎంతమందిని తీసుకోవచ్చో, గూగుల్ చెబుతుంది. మంచి ప్రపోజల్ కూడా స్లాట్ చాలక ఆగిపోతుంది. ఫలితం వచ్చిన వారానికి, మెంటర్‌కి థాంక్స్ చెప్పి "ఏది బలహీనంగా అనిపించింది" అని ఒక్క ప్రశ్న అడగండి. వాదించొద్దు.

సగంలో ఉన్న ప్యాచ్ ఉంటే పూర్తి చేయండి. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ఛానల్‌లో కనిపించకుండా పోయేవాళ్లే ఎక్కువ, జూన్‌లో కూడా ఉన్నవాళ్లని మెంటర్లు వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకుంటారు.

ఇంకో దారి అవుట్‌రీచీ. టెక్ రంగంలో తక్కువగా కనిపించే వర్గాల వారి కోసం నడిచే ఇంటర్న్‌షిప్ అది. మే నుంచి ఆగస్టు, డిసెంబరు నుంచి మార్చి, ఇలా ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. స్టైపెండ్ 7000 డాలర్లు, ఏ దేశంలో ఉన్నా అంతే. దానికి వారానికి 30 గంటలు ఇవ్వాలి, సెలక్షన్ కూడా మీరు చేసిన కాంట్రిబ్యూషన్లు చూసే జరుగుతుంది. వికీమీడియా రెండింట్లోనూ పాల్గొంటూ వచ్చింది. తెలుగు వికీపీడియాలో సెర్చ్, ఫాంట్లు, టైపింగ్ సాధనాల్లో మీకు రోజూ కనిపించే ఇబ్బంది ఏదైనా ఉంటే, దాని మీద ఈ రాత్రే ఒక ఇష్యూ తెరవొచ్చు.